గుడ్లు తిన్నది తల్లేనా?: సిక్లిడ్ చేపల గుడ్లు, పిల్లల సంరక్షణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటి అక్వేరియంలో సిక్లిడ్ చేపలు గుడ్లు పెట్టడం అరుదైన సంగతేమీ కాదు. ఆ గుడ్లు పిల్లలై, పిల్లలు రూపాయి బిళ్ళంత ఎదిగేదాకా నిలబడటమే అరుదు. ఏంజెల్, ఆస్కార్, డిస్కస్, ప్యారట్, ఫ్లవర్‌హార్న్, మలావీ చేపలు అన్నీ ఈ కుటుంబానివే. మన చెరువుల్లో పడే తిలాపియా, కేరళవాళ్ళు ఎంతో ఇష్టంగా వండుకునే కరిమీన్ కూడా వీటి చుట్టాలే. అక్వేరియంలో పెంచే చేపల్లో చాలా జాతులు గుడ్లు వదిలేసి తమ దారిన తాము పోతాయి. సిక్లిడ్లు అలా కాదు, గుడ్లనూ పిల్లలనూ వెంట ఉండి సాకుతాయి. కాబట్టి మనం ఏం చేయాలో తెలుసుకోవాలంటే ముందు ఆ తల్లీ తండ్రీ ఏం చేస్తున్నాయో చూడాలి. ఈ నెల ఉత్తరాలకు ఆ దృష్టితోనే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా మూడడుగుల తొట్టిలో ఏంజెల్ జంట ఉంది. రెండు నెలల్లో మూడుసార్లు ఫిల్టరు గొట్టం మీద గుడ్లు పెట్టాయి. చీకటి పడేదాకా రెండూ పక్కనే ఉండి రెక్కలతో విసురుతూ ఉంటాయి, తెల్లవారి చూస్తే ఒక్క గుడ్డూ ఉండదు. అదే తొట్టిలో నాలుగు చిన్న టెట్రా చేపలు, ఒక సక్కర్ చేప కూడా ఉన్నాయి. తల్లే తినేస్తోందని, గుడ్లను వెంటనే వేరు చేయాలని దుకాణంవారు అన్నారు. మా పిల్లలు ఆ తల్లి చేప మీద కోపంగా ఉన్నారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. పగలంతా భద్రంగా ఉన్న గుడ్లు రాత్రిపూటే పోతున్నాయంటే, ముందు అనుమానించవలసింది తల్లిని కాదు, సక్కర్ చేపను. ఏంజెల్ చేప కళ్ళతో చూసి కాపలా కాస్తుంది. దీపం ఆర్పేశాక తొట్టిలో ఎవరు ఎటు కదులుతున్నారో దానికి తెలియదు. సక్కర్ చేప చీకటి పడ్డాకనే బయలుదేరి అద్దాలకూ గొట్టాలకూ నోరు ఆనించి, అంటుకుని ఉన్న ప్రతిదాన్నీ గీకి తింటుంది. గొట్టం మీద వరుసలుగా అతికించిన మూడు నాలుగు వందల గుడ్లు దానికి విస్తరి వేసి వడ్డించినట్టే. పగలు కాసిన కాపలాను బట్టి చూస్తే మీ జంటకు బాధ్యత బాగానే తెలుసని నాకు అనిపిస్తోంది.

ఈసారి గుడ్లు పెట్టకముందే సక్కర్ చేపనూ టెట్రాలనూ వేరే తొట్టిలోకి మార్చండి. అవి గుడ్లు పెట్టబోతున్నట్టు ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది: రెండూ కలిసి గొట్టాన్నో ఆకునో మూతితో పదే పదే శుభ్రం చేస్తాయి, పొట్ట కింద చిన్న గొట్టంలాంటిది బయటికి వస్తుంది. గుడ్లు పెట్టిన రాత్రి నుంచి పిల్లలు ఈదడం మొదలుపెట్టేదాకా ఆ గదిలో ఒక జీరో వాట్ బల్బు వెలుగుతూ ఉండనివ్వండి. ఆ మసక వెలుగు కాపలాకు సరిపోతుంది. పెద్ద దీపం ఒక్కసారిగా ఆర్పడం వల్ల కలిగే బెదురు కూడా తప్పుతుంది.

తల్లిదండ్రులు గుడ్లు ఎప్పుడూ తినవని నేను అనను. వయసులో చిన్నవైన జంటలు తొలి మూడు నాలుగు విడతలు తినేయడం మామూలే. తొట్టి ముందు జనం తిరుగుతున్నా, అద్దం మీద తట్టినా, చేయి లోపల పెట్టి సర్దినా, కాపాడలేమన్న బెదురుతో తినేస్తాయి. గుడ్లు ఫలించకపోతే, తెల్లబడినవాటిని ఒక్కొక్కటే ఏరి తింటూ చివరికి గూడంతా ఖాళీ చేస్తాయి. అది క్రూరత్వం కాదు, బూజు పట్టే గుడ్డును పక్క గుడ్ల నుంచి వేరు చేసే శుభ్రత. మీ పిల్లలను ఒకసారి తొట్టికి అరగజం దూరంలో కూర్చోబెట్టి అరగంట కదలకుండా చూడమనండి. గసగసాల గింజంత గుడ్లు తేనె రంగులో మెరుస్తుంటాయి. తల్లి వాటి ముందు ఏటవాలుగా నిలబడి, గాజులాంటి పక్క రెక్కలను ఆపకుండా ఆడిస్తూ నీటిని వాటి మీదికి తోస్తుంది. ఒక్క క్షణం ఆగి, వరుసలో ఒక తెల్ల గుడ్డును మాత్రం పెదవులతో పట్టి తీస్తుంది, పక్కనున్న గుడ్డు కదలదు. తండ్రి వచ్చి తన చోట నిలబడ్డాకే అది పక్కకు తప్పుకుంటుంది. ఇది కళ్ళారా చూసిన పిల్లలకు దాని మీద కోపం నిలవదు.

నాలుగైదు విడతలు చూసినా, సక్కర్ చేపను తీసేసినా గుడ్లు పోతూనే ఉంటే అప్పుడు వేరు చేయండి. అయితే వేరు చేసిన క్షణం నుంచి తల్లి పని మొత్తం మీ చేతికి వస్తుందని గుర్తుంచుకోవాలి. ఫిల్టరు గొట్టాన్ని కదిలించడం కష్టం కాబట్టి, జానెడు పొడవున్న గ్లేజు లేని టైలు ముక్కనో, తెల్ల పీవీసీ గొట్టాన్నో ముందుగానే తొట్టిలో ఏటవాలుగా నిలబెడితే చాలా జంటలు దాన్నే ఎంచుకుంటాయి. చేతికి అందుతుంది కదా అని కడప రాయి పెట్టకండి. అది సున్నపురాయి జాతిది, ఆమ్లగుణమున్న నీటిలో మెల్లగా కరిగి నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది, ఏంజెల్ గుడ్లకు అది నప్పదు. పది పదిహేను లీటర్ల గాజు తొట్టిని అదే అక్వేరియం నీటితో నింపి, గుడ్లున్న పలకను వీలైనంత వరకు నీటిలోనే ఉంచుతూ అందులోకి మార్చండి. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్‌ను గుడ్లకు రెండు మూడు అంగుళాల దూరంలో అమర్చండి. బుడగలు గుడ్లకు తగలకూడదు, వాటి వల్ల కదిలే నీరు మాత్రం గుడ్ల మీదుగా పోవాలి. తల్లి రెక్క చేసే పని అదే. నీరు లేత నీలం రంగు తిరిగేటట్టు, బూజును అడ్డుకునే మెథిలీన్ బ్లూ మందు కలపండి, తొట్టి వెనక పెట్టిన వేలు కనిపిస్తూ ఉండాలి. వేడి 27, 28 డిగ్రీల సెల్సియస్ మధ్య స్థిరంగా ఉంటే 48 నుంచి 60 గంటల్లో గుడ్లు పగులుతాయి. తోక ఆడిస్తూ తలతో పలకకు అతుక్కుని వేలాడే ఆ దశలో పిల్లలకు నోటి తిండి అక్కర్లేదు, పొట్ట కింద ఉన్న సొన సంచే వాటి ఆహారం. అప్పటి నుంచి రోజూ కొంత నీరు తీసి, అదే వేడిలో ఉన్న కొత్త నీరు పోస్తూ నీలం రంగును తగ్గించేయండి.

ఎయిర్ పంపుకు బ్యాటరీ సదుపాయం లేకుండా ఈ పని తలపెట్టవద్దు. ఒక వేసవి రాత్రి మా వీధిలో కరెంటు పోయి నాలుగు గంటలకు గాని రాలేదు. గాజు తొట్టిలో నేను వేరు చేసి పెట్టిన గుడ్లన్నీ తెల్లవారేసరికి పాలిపోయి ఉన్నాయి. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది, పైగా కదలిక కూడా ఆగిపోయింది. పక్క తొట్టిలో మరో జంట దగ్గరున్న గుడ్లకు మాత్రం ఏమీ కాలేదు; ఆ చీకట్లోనే తల్లీ తండ్రీ వంతులు మార్చుకుంటూ విసిరాయి. ఆనాటి నుంచి వేరు చేయడాన్ని నేను చివరి మార్గంగానే చూస్తున్నాను.

ప్రశ్న: మా ప్యారట్ చేపల జంట దాదాపు ప్రతి నెలా గుడ్లు పెడుతుంది. రెండో రోజుకల్లా అన్నీ తెల్లగా అయిపోతాయి. మెథిలీన్ బ్లూ వేసినా ఫలితం లేదు. మందు మోతాదు పెంచాలా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: మందు పెంచి ప్రయోజనం లేదండీ. మెథిలీన్ బ్లూ బ్రతికున్న గుడ్డును బూజు నుంచి కాపాడగలదు గాని, ఫలించని గుడ్డుకు ప్రాణం పోయలేదు. ఒక రోజు తిరగకుండానే గుడ్డు మొత్తం సుద్దముక్కలా తెల్లబడితే అది ఫలించలేదని అర్థం. తొలుత తేటగా ఉండి, తరువాత దూది పింజెలాంటి పోగులు పక్క గుడ్ల నుంచి పాకి వచ్చి కప్పేస్తే అది బూజు. మీరు రాసిన తీరు మొదటిదానికే సరిపోతోంది.

ప్యారట్ చేప ప్రకృతిలో పుట్టిన జాతి కాదు. 1980ల్లో తైవాన్‌లో రెండు వేర్వేరు సిక్లిడ్లను కలిపి పుట్టించిన సంకరం అది. ఇందులో ఆడవి చక్కగా గుడ్లు పెడతాయి, మగవి ఆ గుడ్ల వెంట అన్ని లాంఛనాలూ జరుపుతాయి, కాని మగవాటిలో చాలావాటికి సంతాన శక్తి ఉండదు. 1990ల్లో మలేషియాలో రూపొందిన ఫ్లవర్‌హార్న్ మగవాటిలోనూ ఇదే లోపం తరచుగా కనిపిస్తుంది; నుదుటి బుడిపె ఎంత పెద్దదైతే అంత మంచి తండ్రి అనుకుని వేలకు వేలు పోసి కొన్నవారు నిరాశపడటం నేను చాలాసార్లు చూశాను. మీ ఆడచేపను మరో సిక్లిడ్ మగచేపతో కలిపితే పిల్లలు రావచ్చునని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. నా మాట అడిగితే వద్దంటాను. నోరు సరిగా మూయలేని, వెన్ను వంకర తిరిగిన శరీరాన్ని మరో తరానికి అందించడం ఆ చేపలకు మేలు కాదు.

గుడ్లు పెట్టడం ఆడచేపకు శ్రమే కాబట్టి దానికి మంచి తిండి పెట్టండి. తెల్లబడిన గుడ్లను వెంటనే లాగేయకండి. జంట వాటిపై ఆసక్తి వదిలేశాక గొట్టంతో పీల్చి తీసేస్తే చాలు, తొందరపడి తీసేస్తే మళ్ళీ వెంటనే గుడ్లకు సిద్ధపడతాయి. ఏంజెల్ పెంచేవారు ఈ జవాబు చదువుతుంటే వారికి ఒక మాట: మీ గుడ్లన్నీ విడత తరువాత విడత తెల్లబడుతుంటే, జంటలో రెండూ ఆడవే కావచ్చు. రెండు ఆడ ఏంజెళ్ళు జత కట్టి గుడ్లు పెట్టడం ఆశ్చర్యం కాదు. గుడ్లు పెట్టే వేళ పొట్ట కింద కనిపించే గొట్టం ఆడదానికి లావుగా మొద్దుగా, మగదానికి సన్నగా మొనదేలి ఉంటుంది. ఆ ఒక్క సమయంలోనే తేడా నమ్మకంగా తెలుస్తుంది.

ప్రశ్న: ఏంజెల్ పిల్లలు సుమారు 250 ఈదడం మొదలుపెట్టాయి. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనను గుడ్డలో వడకట్టి రోజుకు నాలుగుసార్లు వేస్తున్నాను. నాలుగో రోజు నుంచి అడుగున పడి చనిపోతున్నాయి. ఇప్పుడు నలభై కూడా లేవు. నీటికి చిన్న వాసన కూడా ఉంది. నా పొరపాటు ఎక్కడ? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: వాసన అని మీరే రాశారు, పొరపాటు అక్కడే ఉంది. పచ్చసొన పనికిరాదని కాదు, దానితో ఎన్నో ఏళ్ళుగా చేపపిల్లలను పెంచినవారున్నారు. కాని 250 పిల్లలు తినగలిగే సొన ఆవగింజంత. మిగిలినదంతా అడుగుకు చేరి, 28 డిగ్రీల నీటిలో కొన్ని గంటల్లోనే కుళ్ళి అమ్మోనియాగా మారుతుంది. గుంటూరు బోరు నీళ్ళ మీద మీ తొట్టి నడుస్తుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ: నీటి పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. పెద్ద చేప తట్టుకునే మోతాదు ఈ పిల్లల మొప్పలను కాల్చేస్తుంది. పైగా సొన తేలికగా మేఘంలా తేలుతుంది, కదలదు. ఏంజెల్ పిల్ల పుట్టుకతోనే వేటాడే జీవి. తన ముందు కదిలిన దాన్నే అది నోట పడుతుంది.

ఈరోజే చేయవలసిన పని ఇది. ఎయిర్ పంపు గొట్టాన్ని సైఫన్‌గా వాడి, అడుగున తెల్లగా పేరుకున్నదంతా నిదానంగా పీల్చి తీసేయండి, బయటి కొనను తెల్ల గిన్నెలో పెడితే నీటితో పాటు వచ్చిన పిల్లలను తిరిగి వేయవచ్చు. మూడో వంతు నీరు మార్చండి. కొత్త నీరు అదే వేడిలో ఉండాలి, మునిసిపల్ నీళ్ళైతే క్లోరిన్ పోగొట్టి ఉండాలి, ఆ నీటిని సన్నటి గొట్టం ద్వారా అరగంట పాటు మెల్లగా దించాలి. సాయంత్రం మరోసారి ఇదే చేయండి. తొట్టిలో ఫిల్టరు లేకపోతే, పెద్ద అక్వేరియంలో కొన్ని వారాలుగా నడుస్తున్న స్పాంజి ఫిల్టరును తెచ్చి పెట్టండి. దుకాణంలో కొత్తది కొంటే లాభం లేదు, ఎందుకంటే అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు పాత స్పాంజిలోనే ఉంటాయి. మెథిలీన్ బ్లూ వాడిన నీటిలో మాత్రం ఆ స్పాంజిని పెట్టకండి, ఆ సూక్ష్మజీవులు చనిపోతాయి.

తిండి సంగతికి వస్తే, ఏంజెల్ పిల్లలకు ఆర్టీమియా అనే ఉప్పునీటి చిరు రొయ్యను మించినది నాకు కనిపించలేదు. కాకినాడ, విశాఖ, నెల్లూరు తీరాల్లో రొయ్యపిల్లలను పెంచే హేచరీలు దీని మీద ఎక్కువగా ఆధారపడతాయి కాబట్టి, డబ్బాల్లో వచ్చే దీని గుడ్లు మన ప్రాంతంలో దొరకడం కష్టం కాదు. డబ్బా మొత్తం కొనలేకపోతే పెంపకందారులు నలుగురు కలిసి పంచుకోండి. తెరిచిన డబ్బాను తేమ తగలకుండా మూసి ఫ్రిజ్‌లో ఉంచాలి. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల రాళ్ళ ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి, అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టిన ప్లాస్టిక్ సీసాలో పోయండి. అర చెంచా ఆర్టీమియా గుడ్లు వేసి, గాలి గొట్టాన్ని సీసా మెడ దాకా దించి, గుడ్లు ఎక్కడా నిలవకుండా గట్టిగా మరిగినట్టు తిప్పాలి. పక్కన ఒక దీపం వెలగాలి. 27, 28 డిగ్రీల వేడిలో సుమారు ఒక రోజుకు నీరు ఇటుక రంగుకు తిరుగుతుంది. అప్పుడు గాలి ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలుతాయి, పొదగని గుడ్లు అడుగుకు దిగుతాయి, ప్రాణమున్నవి వెలుగు ఉన్న వైపు నారింజ రంగు మబ్బులా చేరతాయి. వాటిని సన్న గొట్టంతో పీల్చి, పాత చేతిరుమాలులో వడగట్టి, ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి వేయాలి. పెంకులు కలిసి పోకుండా చూసుకోండి, అవి పిల్లల పేగుల్లో అడ్డం పడతాయి.

ఆర్టీమియాను పొదిగిన కొద్ది గంటల్లోనే పెట్టడం ముఖ్యం. పుట్టిన క్షణంలో వాటి ఒంట్లో సొన నిండుగా ఉంటుంది, గంటలు గడిచే కొద్దీ అవే దాన్ని ఖర్చు చేసుకుంటాయి. మరునాటికి మీ పిల్లలకు అందేది ఖాళీ పొట్టు. అందుకే రెండు సీసాలు పన్నెండు గంటల తేడాతో నడిపితే పొద్దునకూ సాయంత్రానికీ తాజావి ఉంటాయి. రోజుకు మూడు నాలుగుసార్లు, పది పదిహేను నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. మంచినీటిలో ఆర్టీమియా కొన్ని గంటలకు చనిపోతుంది, మిగిలితే మళ్ళీ పచ్చసొన కథే. పిల్ల తిన్నదో లేదో తెలుసుకోవడానికి పరీక్షలేవీ అక్కర్లేదు. చేతిదీపం వెలుగులో భూతద్దం పెట్టి చూస్తే, తిన్న పిల్ల పొట్ట నిండు నారింజ రంగు పూసలా కనిపిస్తుంది. తినని పిల్ల పొట్ట వెన్నుకు అంటుకుని, తల మాత్రమే పెద్దదిగా తోస్తుంది. ఈదడం మొదలైన రెండో రోజుకు ఎక్కువ పిల్లలకు ఆ నారింజ పూస కనిపించాలి.

అడుగున పొట్టతో పాకుతూ పైకి లేవలేని పిల్లలు కొన్ని ప్రతి విడతలోనూ ఉంటాయి. గాలి సంచి సరిగా నిండకపోవడం దానికి కారణం, అవి దాదాపుగా కోలుకోవు. వాటి కోసం మిగతావాటి నీటిని పాడు చేసుకోకండి. మిగిలిన నలభైని నాలుగైదు వారాలు ఆర్టీమియాతో నిలబెట్టి, మూడో వారం నుంచి మెత్తగా పొడి చేసిన ఫ్లేక్ తిండిని అలవాటు చేయండి. పొట్ట కింది పొడవాటి మీసం రెక్కలు ఎదగని ఏంజెళ్ళను దుకాణాల్లో చూసే ఉంటారు. తొలి వారాల్లో మురికి నీటిలో పెరిగిన గుర్తు అది. నలభై పిల్లలైనా నిండు రెక్కలతో పెరిగితే అది మంచి విడతే.

ప్రశ్న: మా ఎల్లో ల్యాబ్ ఆడచేప పది రోజులుగా తిండి ముట్టడం లేదు. గొంతు కింద ఉబ్బింది, నోరు పూర్తిగా మూయదు, ఏదో నములుతున్నట్టు కదిలిస్తోంది. మా నాన్నగారు ఏదో రోగమని, మందు వేయమని అంటున్నారు. (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: మందు వేయకండమ్మా. అది రోగం కాదని మీ నాన్నగారికి సంతోషంగా చెప్పండి, దాని నోటి నిండా పిల్లలున్నాయి. ఎల్లో ల్యాబ్ పుట్టిల్లైన ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపల్లో చాలావరకు తల్లి గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. గుడ్డు పెట్టగానే వెనక్కి తిరిగి నోట్లోకి తీసుకుంటుంది. మగచేప కింది రెక్క మీద గుడ్డును పోలిన పసుపు చుక్కలుంటాయి, వాటినీ గుడ్లనుకుని తల్లి నోట అందుకోబోయినప్పుడు దాని నోట్లోనే గుడ్లు ఫలిస్తాయి. ఆ తరువాత సుమారు మూడు వారాలు తల్లి దాదాపు పస్తులే. మీరు నమలడం అనుకుంటున్నది నోట్లో గుడ్లను పొర్లించడం, ప్రతి గుడ్డుకూ మంచి నీరు తగిలేలా తిప్పడం అన్నమాట.

మీ తొట్టిలో రద్దీ ఎక్కువగా ఉండి మిగతావి తరుముతుంటే, పద్దెనిమిదో రోజు ప్రాంతంలో రాత్రిపూట, చేపలు మగతగా ఉన్నప్పుడు, వలకు బదులు వెడల్పాటి గ్లాసుతో నీటితో సహా ఎత్తి చిన్న తొట్టిలోకి మార్చండి. అంతకుముందే మారిస్తే బెదిరి గుడ్లను మింగేయవచ్చు లేదా ఉమ్మేయవచ్చు. ఆ తొట్టిలో దాక్కోవడానికి ఒక చిన్న మట్టి కుండ, నడుస్తున్న స్పాంజి ఫిల్టరు చాలు. పిల్లలను వదిలాక తల్లికి రెండు మూడు రోజులు విడిగా కడుపునిండా పెట్టి, ఒంటికి బలం వచ్చాకే పెద్ద తొట్టికి పంపండి. కొందరు పెంపకందారులు తల్లి నోరు తెరిచి పిల్లలను రాల్చేస్తారు. చేయి తిరిగినవారు అవసరం ఉండి చేస్తే తప్పు పట్టను గాని, తొలిసారి చూస్తున్న మీరు ఆ పని చేయవద్దు. దవడ దెబ్బతింటే ఆ తల్లి మళ్ళీ కోలుకోదు.

ఈ జాతిలో గుడ్లు తక్కువ, పిల్లలు పెద్దవి. నోట్లోంచి బయటికి వచ్చేసరికే సెంటీమీటరు దాకా ఉండి, పొడి చేసిన ఫ్లేక్ తిండిని మొదటి రోజే తింటాయి. మలావీ సరస్సు నీరు క్షారగుణం ఉన్నది, పీహెచ్ 8కి అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి ఏంజెల్ పెంచేవారు విసుక్కునే మన బోరు నీరు వీటికి బాగానే సరిపోతుంది.

ప్రశ్న: డిస్కస్ జంట బోరు నీళ్ళలో గుడ్లు పెడుతోంది, ఒక్కటీ పొదగడం లేదు. నీటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల కొలత) 600 ఉంది. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: లవణాలు తక్కువగా ఉండే అమెజాన్ నదీ ప్రాంతపు మెత్తటి నీటిలో పుట్టిన చేప అది. కఠినమైన నీటిలో బ్రతకగలదు, గుడ్లు కూడా పెడుతుంది, కాని ఆ నీటిలో అవి సాధారణంగా ఫలించవు. ఇంటి ఆర్వో యంత్రం నుంచి వచ్చే మంచినీటిని మెల్లగా కలుపుతూ రెండు మూడు వారాల్లో టీడీఎస్‌ను 100కు దగ్గరగా దించండి, ఒకేసారి మార్చితే పెద్ద చేపలే దెబ్బతింటాయి. ఎండు బాదం ఆకు ఒకటి రెండు వేస్తే నీరు టీ రంగుకు తిరిగి, బూజుకు కొంత అడ్డు పడుతుంది. వేడి 29 డిగ్రీలు ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఏంజెల్ గుడ్లలా డిస్కస్ గుడ్లను వేరు చేయవద్దు. ఈదడం మొదలుపెట్టిన డిస్కస్ పిల్లలు తల్లీ తండ్రీ ఒంటి మీద ఊరే జిగురును కొరికి తిని బ్రతుకుతాయి, దానికి సాటి వచ్చే తిండిని ఇంట్లో తయారు చేయడం చాలా కష్టం. పిల్లలు పెద్దల ఒంటికి నల్లని చుక్కల్లా అతుక్కుని ఉంటాయి. తల్లికి అలసట వస్తే ఒక్క విదిలింపుతో వాటిని తండ్రి వైపు పంపుతుంది. మన దక్షిణాది ఉప్పుటేరుల్లో బతికే నారింజ క్రోమైడ్ అనే చిన్న సిక్లిడ్ పిల్లలు కూడా పెద్దల చర్మాన్ని ఇలాగే కొరుకుతాయి. అంత దూరపు చుట్టాల్లో ఒకే అలవాటు కనిపించడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

ప్రశ్న: ఆస్కార్ పిల్లలు 300 దాకా పెరిగాయి. దుకాణాలు తీసుకోవడం లేదు. మా ఊరి చెరువులో వదలవచ్చునా? (ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: వదలకూడదు, ఒక్కటి కూడా. ఆస్కార్ నోరు పట్టిన ప్రతి చిన్న చేపనూ మింగుతుంది. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా ఎన్ని చెరువుల్లో స్థానిక చేపల చోటు ఆక్రమించిందో మత్స్యకారులకు తెలుసు. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేప ఇవాళ ఆంధ్ర చేపల చెరువుల్లో వలలు పాడు చేస్తోంది. ఇకమీద ఆస్కార్లు గుడ్లు పెట్టినప్పుడు ఎన్ని పిల్లలకు చోటు దొరుకుతుందో ముందే లెక్క వేసుకుని, మిగతా గుడ్లను తొలి రోజే తీసేయండి. ఇప్పుడున్నవాటిని దగ్గరి పట్టణాల పెంపకందారులకు పదేసి, ఇరవైయేసి చొప్పున ఉచితంగానైనా ఇవ్వండి.

ప్రశ్న: నేను ఏడో తరగతి చదువుతున్నాను. మా ఏంజెల్ పిల్లలు నిన్నటి నుంచి ఈదుతున్నాయి. సాయంత్రం తండ్రి చేప పిల్లలను నోట్లోకి తీసుకోవడం చూశాను. తాతయ్య లైటు ఆర్పేయమన్నారు. అది పిల్లలను తినేస్తోందా? (నిజామాబాద్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: బాబూ, నువ్వు బాగా గమనించావు. తినడం లేదు, ఇంటికి తీసుకెళుతోంది. గుంపు నుంచి తప్పిపోయిన పిల్లను నోట పట్టి, మిగతా పిల్లలున్న చోటికి వెళ్ళి ఉమ్మేయడం తల్లిదండ్రులు రోజంతా చేసే పని; చీకటి పడే వేళ అన్నింటినీ ఒక ఆకు మీదికి చేర్చడానికి మరీ తొందర పడతాయి. అనుమానం తీరాలంటే ఇవాళ సాయంత్రం ఇలా చెయ్యి. తండ్రి ఒక పిల్లను నోట్లోకి తీసుకోగానే మనసులో అంకెలు లెక్కపెట్టు, దాని నోటి మీద నుంచి చూపు తిప్పకు. పది పదిహేను లోపల ఆకు దగ్గరికి వెళ్ళి బుగ్గలు చిన్నగా ఊపి, పిల్లను బయటికి ఊదుతుంది. తాతయ్యను లైటు ఒక్కసారిగా ఆర్పవద్దని చెప్పు. ముందు గదిలో చిన్న బల్బు వేసి, తొట్టి దీపం ఆర్పి, ఇంకో పావుగంట అక్కడే కూర్చో. ఆ మసక వెలుగులో చివరి పిల్లలను కూడా వెతికి తెచ్చుకోవడానికి వాటికి ఆ వ్యవధి కావాలి.